ఉగాది మొహం: మార్చి నెల మేకప్ డైరీ

మార్చి 1, ఆదివారం

నిరుడు ఉగాదికి తీసిన ఫొటో ఇవాళ మళ్లీ చూశాను. ఈ పని మొదలుపెట్టడానికి కారణం అదే. ఫొటోలో చీర బాగుంది, గుమ్మానికి కట్టిన మామిడాకులు బాగున్నాయి, పచ్చడి గిన్నె పట్టుకున్న మా అమ్మాయి ఇంకా బాగుంది. నా మొహం మాత్రం బియ్యప్పిండిలో అద్ది తీసినట్టుంది. గడ్డం కింద గీత గీసినట్టు ఆగిపోయి, అక్కడి నుంచి నా అసలు రంగు మొదలైంది.

అద్దంలో అలా లేదే అని అప్పట్లో చాలా బాధపడ్డాను. కారణం తర్వాత తెలిసింది. చివర్లో అద్దుకున్న తెల్ల పౌడర్‌లో ఉన్నదంతా సిలికా. మామూలు వెలుతురులో అది కంటికి కనబడదు. ఫ్లాష్ కొట్టగానే ఆ వెలుగునంతా తిప్పి కెమెరా మీదకే విసురుతుంది.

ఈసారి ఉగాది 19న, గురువారం. వచ్చేది పరాభవ నామ సంవత్సరం. పేరు చెప్పుకుని ఆఫీసులో అందరూ ఒకటే నవ్వు. నా పరాభవం నిరుడే అయిపోయింది కాబట్టి నాకేం భయం లేదన్నాను.

ఏం కావాలో ముందే రాసిపెట్టుకుంటున్నాను, లేకపోతే మధ్యలో దారి తప్పుతాను. పొద్దున తలంటు కాగానే వేసుకున్నది పచ్చడి, గుడి, వంట, భోజనాలు, సాయంత్రం పంచాంగ శ్రవణం, అన్నీ అయ్యేదాకా నిలవాలి. అదీ విజయవాడలో. మొహం తేటగా, మెత్తగా, చిన్న మెరుపుతో ఉండాలి. అరగంటకు మించి అద్దం ముందు కూర్చునే వీల్లేదు. మేకప్ వేసుకున్నానని మా అత్తగారు కనిపెట్టకూడదు. ఆవిడ నోట "కళగా ఉన్నావే" అన్న మాట వస్తే పాసైనట్టు.

నేను పార్లర్ మనిషిని కాను. ఓ ప్రైవేటు కాలేజీలో అకౌంట్స్ చూస్తాను. ఖర్చయినా, చేసిన పనైనా రాసుకోకపోతే నాకు నిద్ర పట్టదు, అందుకీ డైరీ.

మార్చి 3, మంగళవారం

మొదటి ప్రయత్నం. ఫోన్లో చూసిన కొరియా వాళ్ల గ్లాస్ స్కిన్ పద్ధతిని, అంటే మొహం గాజులా మెరిసేలా చేసేదాన్ని, మక్కీకి మక్కీ దించాను. టోనర్, సీరమ్, మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్, ఆ పైన ఫౌండేషన్‌లో రెండు చుక్కలు మెరుపునిచ్చే లిక్విడ్ హైలైటర్ కలిపి మొహమంతా. ఏసీ గదిలో అద్దం ముందు చూసుకుంటే ఒట్టు, బుగ్గలు అప్పుడే కడిగిన వంకాయల్లా నిగనిగలాడాయి.

వెళ్లి నాలుగు దోసెలు పోశాను. ఇరవై నిమిషాలు కూడా కాలేదు. అత్తగారు వంటింట్లోకి వచ్చి నా వంక చూసి, "ఏంటే, మొహమంతా జిడ్డు కారుతోంది, కాస్త సబ్బు పెట్టి కడుక్కో" అనేసి చట్నీ గిన్నె పట్టుకెళ్లిపోయారు.

కడుక్కున్నాను కానీ ఆ మాట వదల్లేదు. ఆవిడ అన్నది నిజమే. మెరిసేదంతా మనకు ఒకటి కాదు. నూనె తేలితే జిడ్డు అంటాం. ఒంటికి పట్టిన చాకిరీ వదిలి నాలుగు రోజులు హాయిగా ఉంటే నిగారింపు అంటాం. ఇక కళ అంటే అది మనిషికే వస్తుంది, వస్తువుకు రాదు. వీడియోల వాళ్లకు మాత్రం ఒక్కటే మాట, డ్యూయీ. మంచు పట్టినట్టు అని దానర్థం. విజయవాడలో మార్చి నెలలో మంచెక్కడిది, ఉన్నది చెమటే. చలికాలపు పొడిగాలికి బిరుసెక్కిన చర్మానికి ఆ తడి మెరుపు అందం. మన గాలిలో తేమ ముందే ఉంది, చెమట దానంతటదే మెరుస్తుంది, దాని మీద మెరుపు పూస్తే అది జిడ్డు గాక ఇంకేమవుతుంది?

మార్చి 5, గురువారం

ఇవాళ చేసింది తెలివితక్కువ పని, అయినా రాస్తాను. పండక్కి మొహం తేటపడాలని శనగపిండిలో నిమ్మరసం పిండి పట్టించాను. చిన్నప్పుడు అందరూ చేసేదే. ఐదు నిమిషాలకు ముక్కు పక్కన చురచురమంది. పది నిమిషాలకు కడిగేశాను. రాత్రికి రెండు బుగ్గలూ ఎర్రగా కందిపోయాయి.

మన చర్మం పీహెచ్ దాదాపు 5. నిమ్మరసం 2కి కాస్త అటూఇటూ. పీహెచ్‌లో ఒక్క అంకె తగ్గితే ఆమ్లత్వం పది రెట్లు పెరుగుతుంది. మూడు అంకెలంటే వెయ్యి రెట్లు. లెక్కలు చూసే మనిషినై ఉండి ఈ లెక్క వెయ్యకుండానే పూసుకున్నాను. అది చాలదన్నట్టు నిమ్మకాయలో, ముఖ్యంగా తొక్కలో, ఎండ తగిలితే చర్మాన్ని కమిలించే పదార్థాలున్నాయి. నిమ్మకాయలు పిండి ఎండలో తిరిగితే చేతుల మీద నల్లమచ్చలు పడేది వాటివల్లే.

మూడు రోజులు మొహానికి సెలవు. నీళ్లు, మాయిశ్చరైజర్, అంతే. ఇంకో నియమం కూడా పెట్టుకున్నాను: కొత్త సీరమ్, కొత్త ప్యాక్, కొత్త క్రీమ్ ఏదైనా పండక్కి వారం ముందు ముట్టుకోకూడదు. మొదలుపెట్టేవేవో ఈ రెండు మూడు రోజుల్లోనే, అదీ చెవి వెనక రాసి రెండు రోజులు చూశాకే.

మార్చి 8, ఆదివారం

ఎరుపు తగ్గింది. ఇవాళ మేకప్ ఏమీ వెయ్యలేదు కానీ ఇప్పటిదాకా చేసిన పనుల్లో నాకు బాగా నచ్చింది ఇదే.

టిష్యూ పేపర్ ఒక్కో పొర విడదీశాను. పొద్దున పదింటికి మొహం కడుక్కుని, ఏమీ రాసుకోకుండా వంటింట్లో గంటసేపు పని చేశాను. ఫ్యాన్ కూడా వెయ్యలేదు, పొయ్యి ఆరిపోతుందని ఎటూ వెయ్యం. తర్వాత వచ్చి ఆ పొరను మొహానికి ఆనించి అరచేతులతో నొక్కాను. తీసి కిటికీకి ఎదురుగా పట్టుకుంటే ఎక్కడ తడిసిందో అక్కడ కాగితం అద్దంలా కనిపించింది. నుదుటి మీద జుట్టు మొదలయ్యే చోట ఒక పట్టీ. ముక్కు మొత్తం. పై పెదవి మీద చిన్న మీసంలా. గడ్డం మీద రూపాయి బిళ్లంత.

బుగ్గ ఎముక పైభాగం, కంటి బయటి మూల నుంచి కణత వైపు వెళ్లే మెట్ట ఉంటుంది చూడండి, అక్కడ మాత్రం కాగితం పొడిగానే ఉంది. రెండు వైపులా.

పన్నెండింటికి ఇంకోసారి చేశాను. అదే పటం, కాస్త పెద్దగా. ఆ రెండు మెట్టలు అప్పుడూ పొడే.

అంటే నేను మెరుపు పెట్టాల్సింది ఆ రెండు చోట్ల. మిగతా మొహానికి మెరుపు చెమటే ఇస్తుంది, దాన్ని అణచిపెట్టుకోవడం నా పని. వీడియోల్లో ముక్కు చివర, పై పెదవి మీద, నుదుటి మీద కూడా హైలైటర్ పెడతారు. నా పటం ప్రకారం ఆ మూడూ చెరువులే.

మా అమ్మాయి ఆ కాగితాలు తీసుకెళ్లి పుస్తకంలో దాచుకుంది. "అమ్మ మొహం మ్యాప్" అని కింద పేరు కూడా రాసింది.

మార్చి 10, మంగళవారం

ఫౌండేషన్‌తో యుద్ధం. రాత్రి తొమ్మిదింటికి ట్యూబ్‌లైటు కింద నాకు సరిపోయిందనుకున్న షేడ్ పొద్దున కిటికీ దగ్గర చూస్తే బూడిద రంగు. షేడ్ చూసుకోవాల్సింది చేతి మీద కాదు, దవడ అంచు మీద. గీత గీసి, పగటి వెలుతురులో, పదిహేను నిమిషాలు ఆగి చూడాలి. ఆగడం ఎందుకంటే కొన్ని ఫౌండేషన్లు చర్మం మీద నూనెతో, గాలితో కలిసి ఒకటి రెండు ఛాయలు ముదురుతాయి. బీసెంట్ రోడ్డులో ఓ షాపులో అమ్మాయి నా మణికట్టు మీద రాసి "మీకు ఇదే మేడమ్" అని అంటగట్టింది. దాని ఖరీదు మర్చిపోవాలనుకుంటున్నాను.

రెండో గొడవ ఇంకా విసుగు. సన్‌స్క్రీన్ మీద ఫౌండేషన్ రుద్దుతుంటే రబ్బరుతో చెరిపినప్పుడు రాలే ముక్కల్లా చిన్న చిన్న ఉండలు కట్టి రాలింది. నా సన్‌స్క్రీన్ సిలికోన్ మీద తయారైంది, ఫౌండేషన్ నీళ్ల మీద. రెండింటికీ పొత్తు కుదర్లేదు. పైగా కింది పొర ఆరకముందే పై పొర రుద్దాను. పదిహేను నిమిషాలు ఆరనిచ్చి, రుద్దకుండా తడి స్పాంజితో అద్దితే ఉండలు తగ్గాయి. పూర్తిగా పోలేదు.

మార్చి 11, బుధవారం

ఫౌండేషనే మానేశాను. ఈ నెలలో నేను తీసుకున్న నిర్ణయాల్లో తెలివైనది ఇదొక్కటే.

నాకు బుగ్గల మీద లేతగా మంగు ఉంది, కాన్పు తర్వాత వచ్చింది. మామూలు సన్‌స్క్రీన్ అతినీలలోహిత కిరణాలను ఆపుతుంది కానీ మంగును ముదిరేలా చేసేది అవొక్కటే కాదు. కంటికి కనిపించే వెలుతురు కూడా, ముఖ్యంగా నీలం వైపు వెలుతురు, చామనఛాయ చర్మం మీద మచ్చను ముదురు చేస్తుంది. దాన్ని అడ్డుకునేది ఐరన్ ఆక్సైడ్. తుప్పు రంగు పొడి అన్నమాట. టింటెడ్ సన్‌స్క్రీన్లకు రంగు వచ్చేది దానివల్లే. ఒకే ట్యూబు ఎండకూ అడ్డం, మంగుకూ ముసుగు. వెనకాల పదార్థాల పట్టీలో ఐరన్ ఆక్సైడ్స్ అన్న పేరు చూసుకుని కొన్నాను. చెవి వెనక ఆదివారం నుంచీ రాస్తున్నాను, దురద లేదు.

మొదటిసారి రాస్తే విభూతి పెట్టుకున్నట్టు తెల్లగా కనిపించి గుండె ఆగింది. అందులో జింక్ ఆక్సైడ్ అనే తెల్ల పొడి కూడా ఉంది. ఓ ఐదు నిమిషాలకు సర్దుకుంది. చూపుడువేలు, మధ్యవేలు పొడవునా రెండు గీతలు పిండితే మొహానికీ మెడకూ చాలు. ఒక్కసారే మొత్తం రుద్దితే పూతలా కనిపిస్తుంది. సగం రాసి, ఆరాక మిగతా సగం. మెడను వదిలెయ్యకూడదని నిరుడు ఫొటో ఎటూ నేర్పింది.

మార్చి 12, గురువారం

కళ్ల కింద నలుపు. టింటెడ్ సన్‌స్క్రీన్ మంగును కప్పింది కానీ దీన్ని కప్పలేదు. మచ్చలు కప్పే కన్సీలర్ వేస్తే నలుపు మీద బూడిద చల్లినట్టయింది. మన రంగు వాళ్లకు కళ్ల కింద ఉండే నలుపులో నీలం పాలు ఉంటుంది, నీలానికి విరుగుడు నారింజ. అందుకని ముందు నారింజ రంగు కరెక్టర్.

నేను చేసిన తప్పు, దాన్ని కంటి కింద అర్ధచంద్రం మొత్తానికీ పూసెయ్యడం. అద్దంలో చూస్తే ఆంజనేయస్వామికి సింధూరం పూసినట్టుంది. మా ఆయన గుమ్మంలోంచి చూసి ఏదో అనబోయి మానుకున్నాడు.

రెండోసారి కళ్లజోడు పెట్టుకుని దగ్గరగా చూశాను. నలుపు నిజంగా ఉన్నది ముక్కు పక్క మూలలో, పెసరగింజంత లోతులో. అక్కడ మాత్రమే చిన్న చుక్క పెట్టి ఉంగరం వేలితో తట్టాను. ఆ వేలికి బలం తక్కువ, అందుకే అదే వాడాలి. దాని మీద కన్సీలర్ ఇంకో చుక్క. అంతే, పోయింది. మిగతా కంటికింద ఏమీ అక్కర్లేదు.

మార్చి 13, శుక్రవారం

బుగ్గల రంగు. లేత గులాబీ నా మీద సుద్ద రాసినట్టుంటుంది. ఇటుక రంగు, పండిన టమాటా రంగు, ఈ వరసలోవి నప్పుతాయి. డబ్బాలో చూస్తే భయమేసే రంగే చర్మం మీద సహజంగా కనిపిస్తుంది, ఇది నాకు వింతగానే ఉంది. మొదట ఉన్న లిప్‌స్టిక్‌తోనే కానిద్దామనుకున్నాను. అది మ్యాట్, అంటే మెరుపు లేని పొడి రకం, అద్దేలోపే ఎండి మచ్చలు కట్టింది. క్రీమ్ బ్లష్ కొనక తప్పలేదు.

వేలికి తీసుకుని ముందు చేతి వెనక తట్టి, మిగిలినదాన్ని బుగ్గ ఎముక మీద మూడు చోట్ల అద్ది పైకి తట్టుకుంటూ పోవాలి. నవ్వితే ఉబ్బే చోట పెట్టమంటారు అందరూ. నవ్వు ఆపగానే అది కిందికి జారి మొహం వేలాడినట్టు కనిపిస్తుంది. నేను అంతకు వేలెడు పైన పెట్టాను. మిగిలిన కాస్తా ముక్కు మీద అడ్డంగా ఒక్కసారి, ఎండలో తిరిగొచ్చిన పిల్ల మొహంలా. ఈ చిన్న పనితో మొహానికి వచ్చిన ప్రాణం ఆ ఖరీదైన ఫౌండేషన్‌తో రాలేదు.

హైలైటర్ వెండి రంగుది నా దగ్గర ఉంది. పెడితే బుగ్గ మీద నత్త పాకినట్టు చార. మనకు బంగారు రంగు, తేనె రంగు నప్పుతాయి. మెరుపు రేణువులు విడివిడిగా కనిపించేంత పెద్దవైతే వద్దు. పొడి కాకుండా క్రీమ్ తీసుకున్నాను. ఆ రెండు మెట్టల మీద ఒక్కో చుక్క.

మార్చి 14, శనివారం

బొట్టు. వీడియోల్లో ఎవరూ చెప్పని సంగతి ఇది.

పొద్దున సన్‌స్క్రీన్ మీద స్టిక్కర్ పెట్టుకుంటే గంటలో కనుబొమ్మ దాకా జారింది. కుంకుమ పెట్టుకుంటే ఇంకా ఘోరం, సన్‌స్క్రీన్‌లోని నూనెలు దాన్ని పీల్చుకుని నుదుటి మీద ఎర్రటి మరక పాకింది. పండగ రోజున కుంకుమ బొట్టు తప్పదు. గుడిలో పూజారి ఇచ్చే కుంకుమ కూడా అక్కడే పడుతుంది.

అత్తగారిని అడిగాను, మేకప్ మాటెత్తకుండా. "కుంకుమ నిలవట్లేదు అత్తయ్యా, ఏం చెయ్యాలి?" ఆవిడ లేచి వెళ్లి బీరువాలోంచి వేలెడు ఎత్తున్న ఇత్తడి భరిణె తెచ్చారు. అందులో మైనం. వాళ్లమ్మ వాడిందట. గోరుతో గీరి, వేలి కొసన రుద్ది మెత్తబరిచి, నా కనుబొమల మధ్య గుండ్రంగా అద్దారు. దాని మీద కుంకుమ. "సాయంత్రం దాకా ఎక్కడికీ పోదు, చూడు" అన్నారు. రాత్రి ఎనిమిదింటికి చూశాను. అంచు కూడా చెదరలేదు.

నేను చేర్చిన చిన్న మార్పు ఒకటే. మైనం పెట్టే చోట సన్‌స్క్రీన్‌ను టిష్యూతో తుడిచెయ్యడం.

మార్చి 15, ఆదివారం

పూర్తి రిహార్సల్. పొద్దున ఎనిమిదింటికి వేసుకున్నాను. కొత్త మంగళగిరి చీర కొంగు భుజాన వేసుకుని చూసుకున్నాను. మామిడాకు రంగు, జరీ అంచు. మొహం కిందికి ఆ చీర రాగానే మొహం రంగు మారినట్టు అనిపించింది. ఆకుపచ్చ పక్కన ఇటుక రంగు బ్లష్ ఇంకా ఎర్రగా కనిపిస్తుంది. సగానికి తగ్గించాలి.

పౌడర్ మొహమంతా వెయ్యలేదు. పటంలో తడిసిన నాలుగు చోట్ల మాత్రమే, అదీ చర్మం రంగుది, చిన్న బ్రష్‌తో నొక్కి. తెల్లది చూస్తేనే ఇప్పుడు నాకు ఫ్లాష్ గుర్తొస్తుంది. కాటుక కింది రెప్పకు పెడితే మధ్యాహ్నానికి కళ్ల కింద పరుచుకుంది, నేను కష్టపడి పోగొట్టిన నలుపు మళ్లీ చేతులారా తెచ్చుకున్నట్టయింది. పై రెప్ప వెంట్రుకల మొదళ్లలో వాటర్‌ప్రూఫ్ పెన్సిల్ నడిపిస్తే చాలు. చూసేవాళ్లకు కళ్లు పెద్దవిగా కనిపిస్తాయి కానీ గీత కనిపించదు.

పెదాలకు టింట్, అంటే పెదవికి పట్టుకునే పల్చటి రంగు. లిప్‌స్టిక్ పులిహోర రెండో ముద్దకే పోతుంది. టింట్ రాసి టిష్యూతో అద్ది, మళ్లీ రాసి, మళ్లీ అద్దితే తాంబూలం నమిలి అరగంటయినట్టు రంగు మిగులుతుంది. పైన కాస్త లిప్‌బామ్.

ఒంటిగంటకు చూసుకుంటే ముక్కు మెరుస్తోంది. అక్కడ చేసిన తప్పు ఏమిటంటే మళ్లీ పౌడర్ వేశాను. చెమట మీద పౌడర్ పిండి ముద్దలా అట్టకట్టింది. ముందు టిష్యూ ఆనించి తడి తీసెయ్యాలి. చాలాసార్లు ఆ తర్వాత పౌడర్ అవసరమే ఉండదు.

వేసుకోవడానికి పట్టిన సమయం 41 నిమిషాలు. ఇంకా తగ్గాలి.

మార్చి 16, సోమవారం

అసలు పెద్ద చిక్కు ఇవాళ తట్టింది. రిహార్సల్ అంతా మామూలు స్నానం మీద చేశాను. ఉగాది రోజు తలంటు ఉంది. అత్తగారు నువ్వులనూనె గోరువెచ్చగా కాచి తలకూ ఒంటికీ పట్టిస్తారు, మొహాన్ని కూడా వదలరు. ఆ నూనె మీద సన్‌స్క్రీన్ నిలవదు, మిగతావన్నీ దాని మీద కట్టిన మేడలే కదా. వద్దంటే ఊరుకోరు. నాకూ వద్దనాలని లేదు, ఏడాదికి ఒక్కసారి ఆవిడ చేత తలంటించుకోవడం నాకిష్టం.

రాత్రి ట్రయల్ చేశాను. నూనె రాసుకుని పావుగంట ఆగి, సున్నిపిండితో రుద్దుకుని, మెత్తటి ఫేస్‌వాష్‌తో ఒక్కసారి కడిగాను. టిష్యూ ఆనిస్తే నూనె మరక పడలేదు. చర్మం మాత్రం మెత్తగా ఉంది. ఆ మీద మాయిశ్చరైజర్ అక్కర్లేదు. అంటే ఒక పొర తగ్గింది, ఐదు నిమిషాలు మిగిలాయి.

సున్నిపిండి దగ్గర ఇంకో సంగతి. మా ఇంట్లో ఆడించే పిండిలో పెసలు, శనగలు, కచ్చూరాలతో పాటు బావంచాలు కూడా పడతాయి. బావంచాల్లో సోరలెన్ అనే పదార్థం ఉంటుంది. అది చర్మాన్ని ఎండకు త్వరగా కమిలేలా చేస్తుంది. బొల్లి వైద్యంలో దాన్నే కావాలని ఎండతో కలిపి వాడతారు. నిమ్మకాయలో ఉన్నదీ ఆ కుటుంబానిదే. పొద్దున రుద్దుకుని తొమ్మిదింటికి గుడి క్యూలో ఎండలో నిలబడే మొహానికి అది వద్దు. ఒంటికి ఇంటి పిండి, మొహానికి ఉత్త పెసరపిండి. పసుపు కూడా వంటిల్లుది వద్దు, చెంపలు పచ్చబడితే బ్లష్ రంగు మారిపోతుంది. రంగు అంటని కస్తూరి పసుపు ఓ చిటికెడు.

మార్చి 18, బుధవారం

కొత్తగా ఏమీ చెయ్యలేదు. బ్రష్షులు కడిగి ఆరబెట్టాను. పని వరసలో డబ్బాలన్నీ ఒక పళ్లెంలో పేర్చిపెట్టాను. వేపపువ్వు రాల్చి శుభ్రం చేసేసరికి పదకొండయింది. తొందరగా పడుకోవాలనుకున్నాను, అది కళ్ల కింద నలుపుకు నారింజ చుక్క కంటే మంచి మందు. కుదర్లేదు.

మార్చి 19, గురువారం, ఉగాది

ఐదింటికి తలంటు. అత్తగారు నూనె మాడుకు పట్టిస్తూ ఎప్పటిలాగే "వయసు పెరుగుతున్న కొద్దీ జుట్టు ఊడగొట్టుకుంటున్నావు" అని మొదలుపెట్టి, చెవుల వెనక వేళ్లతో నొక్కుతూ, మధ్యలో ఆపి నా నుదురు తడిమి, "వేడి చేసిందా?" అని అడిగి మళ్లీ రుద్దారు. కళ్లు మూసుకుపోయాయి. మేకప్ సంగతే మర్చిపోయాను.

స్నానం, పెసరపిండి, ఒకసారి ఫేస్‌వాష్. ఆరుంబావుకు సన్‌స్క్రీన్ మొదటి సగం. అది ఆరేలోపు అమ్మాయికి జడ. దానికి కూడా కాస్త మెరుపు కావాలంది. తేనె రంగు హైలైటర్ చిటికెన వేలి మీద చూపించి, దాని బుగ్గకు ఉత్త మాయిశ్చరైజర్ రాశాను. తేడా తెలియలేదు, లేదా తెలిసీ ఊరుకుంది. రెండో సగం. అది ఆరేలోపు మామిడికాయ తురిమాను. నారింజ చుక్కలు, కన్సీలర్, బ్లష్ సగం, మెట్టల మీద మెరుపు, నాలుగు చోట్ల పౌడర్, పై రెప్పకు పెన్సిల్, టింట్. మైనం, కుంకుమ. మల్లెలు. ఆరే సమయం తీసేస్తే 19 నిమిషాలు.

పచ్చడి తిన్నాక టింట్ అలాగే ఉంది. ఇంద్రకీలాద్రి మీద క్యూలో రెండు గంటలు. గొడుగు పట్టుకున్నాను. రెండు సార్లు టిష్యూ ఆనించాను, అంతే. సన్‌స్క్రీన్ మళ్లీ రాయాలి కదా అంటారు, నిజమే, రెండు గంటలకోసారి రాయాలి. దిగాక స్పాంజికి రాసుకుని బుగ్గల మీద నొక్కాను, రుద్దలేదు. బ్లష్ కాస్త మసకబారింది, నాకు అదే ఇంకా నచ్చింది.

చెమట పట్టింది, ముక్కు మెరిసింది. కానీ ముక్కూ మెట్టలూ రెండూ మెరుస్తున్నా మధ్యలో చర్మం ఊరికే ఉండటం వల్ల అది జిడ్డులా లేదు. ఈ సంగతి నేను ముందు ఊహించలేదు. అంతా మెరిస్తేనే జిడ్డు.

తప్పు జరిగింది ఒకచోట. బొబ్బట్లు కాలుస్తూ చీర కొంగుతో మొహం తుడిచేసుకున్నాను, అలవాటు. ఎడమ మెట్ట మీది మెరుపు పోయింది. కొత్త మంగళగిరి కొంగు మీద ఇటుక రంగు మరక పడింది. కంగారులో ఫొటోలన్నీ కుడివైపు నుంచే తీయించుకున్నాను.

సాయంత్రం వీధి చివర గుడిలో పంచాంగ శ్రవణం. అందరి ఆదాయ వ్యయాలూ విన్నాం. నా రాశికి వ్యయమే ఎక్కువ అన్నారు, ఈ నెల బీసెంట్ రోడ్డు ఖర్చు వాళ్లకు ఎలా తెలిసిందో. తిరిగొస్తుంటే అత్తగారు ఫోన్లో వాళ్ల చెల్లెలితో మాట్లాడుతున్నారు. "కోడలా? బాగుందే, పొద్దున నేనే తలంటాను. నూనె బాగా పట్టిందేమో, మొహం చూడాలి, ఎంత కళగా ఉందో. వీళ్లకు ఆ క్రీములు, పౌడర్లు ఎందుకో నాకు తెలీదు."

నేను మా అమ్మాయి చెయ్యి గట్టిగా నొక్కాను, నోరు విప్పకుండా.

రాత్రి పదింటికి తీసేశాను. పొద్దున తలంటుకు కాచిన నువ్వులనూనె గిన్నెలో అడుగున ఇంకా కాస్త ఉంది, దూదికి అదే అద్దాను. మొదటి దూది ఇటుక రంగు, రెండోది తేనె రంగు, మూడోది నారింజ. కుంకుమ మాత్రం మైనంతో సహా గోరుతో గీరితే గానీ రాలేదు.

కొంగు మరక మీద కుంకుడుకాయ రసం పెట్టి నానబెట్టాను. రేపు చూడాలి.